ఎదురు ప్రశ్న లేని మాట

పేగు క్యాన్సరు పట్నవాసుల జబ్బని అందరూ అంటారు. రోజంతా మెత్తని కుర్చీలో కూర్చుని, పొట్లాల్లో వచ్చిన తిండి తిని, ఒళ్ళు వంచకుండా బతికే బ్యాంకాక్ వాళ్ళనే అది వెతుక్కుంటూ వెళుతుందనీ, బంకన్నం ముద్దను వేళ్ళతో నలుపుకుని పచ్చి ఆకులు నంజుకునే ఈశాన్య ప్రాంతపు ఈసాన్ రైతు గడప తొక్కదనీ నమ్మకం. నమ్మడానికి హాయిగా ఉండే అభిప్రాయానికి సాక్ష్యం దొరకడం ఎప్పుడూ కష్టం కాదు. దీనికీ దొరికింది. సోంగ్‌ఖ్రామ్ ఏటి వంపులో ఉన్న పాక్‌లావ్ ఊరికి పెద్దగా ఉన్న కంఫాయ్ ఆ సాక్ష్యాన్ని కళ్ళారా చూశాడు, చూసి చప్పట్లు కొట్టాడు. దాన్ని తయారు చేసిన చేతుల్లో తనవీ ఉన్నాయని తెలియడానికి అతనికి ఇంకొంత కాలం పట్టింది.

కంఫాయ్‌ను గొప్పవాడని ఎవరూ అనలేదు, చెడ్డవాడనీ అనలేదు. చిన్నతనంలో కొన్నేళ్ళు విహారంలో కాషాయం కట్టి పాళీ సూత్రాలు వల్లించాడు. అర్థం అంతగా వంటబట్టలేదు కాని గొంతు తేటపడింది. తరువాత కాషాయం విడిచి, వానల్లో నాగలి, వరదల్లో వల పట్టుకుని అందరిలాగే బతికాడు. ఊరి పెద్దగా అతణ్ణి ఎన్నుకోవడానికి కారణం అతని బుద్ధి కాదు, ఆ గొంతే. ఊరి నడుమ ఇనుప స్తంభానికి కట్టిన మైకులో తెల్లవారగానే ఎవరో ఒకరు మాట్లాడక తప్పదు; మాట్లాడేవాడి గొంతు వినసొంపుగా ఉంటే రోజు సవ్యంగా మొదలవుతుంది. ఏరు ఎంత పొంగిందో, పశువులకు టీకాలు ఎప్పుడో, ఎవరి గేదె ఎవరి మడిలో పడిందో ఆ గొంతే చెప్పేది. ఎవరు పోయారో, ఏ కారణాన పోయారో కూడా అదే చెప్పేది.

ఆ కారణానికి అతని దగ్గర ఒకే మాట ఉండేది: జర, అంటే ముసలితనం. “ఫలానా ఇంటి తాత, జర వల్ల, శాంతిగా కన్నుమూశాడు. ఆ ఇల్లు ఈవేళ మంచి ఇల్లు. అందరూ రండి.” చావు జరిగిన ఇంటిని ఇక్కడ మంచి ఇల్లనే పిలుస్తారు. పేకాటలూ పాటలూ నవ్వులూ పెట్టి ఆ ఇంటివాళ్ళను ఒంటరిగా వదలరు. బాధకు పెట్టే పేరు ఆ బాధను మరింత బరువు చేయకూడదన్నది ఈ నేల మర్యాద. జర అన్న మాటను కూడా కంఫాయ్ ఆ మర్యాదలో భాగంగానే తీసుకున్నాడు.

మొదట్లో అలా కాదు. ఇంట్లో పోయినవాళ్ళ దగ్గర డాక్టరు ఉండడు. ఊరి పెద్ద వెళ్ళి చూసి కారణం చెబితే తాలూకా ఆఫీసులో గుమాస్తా అదే రాసుకుంటాడు. పదవికి కొత్తలో ఒక ముసలి జాలరి పోయినప్పుడు కంఫాయ్ తనకు తోచింది నిజాయితీగా చెప్పాడు: కడుపులో ఏదో అయిందని. ఏదో అంటే ఏమిటని పైనుంచి ప్రశ్న వచ్చింది. పోలీసు వచ్చాడు, తాలూకా డాక్టరు వచ్చేదాకా శవాన్ని కదపవద్దన్నాడు. ఎండాకాలం. డాక్టరు వచ్చేసరికి ఆ ఇంటి కోడలు ముక్కుకు గుడ్డ కట్టుకోవలసి వచ్చింది. కట్టుకున్నందుకు సిగ్గుతో ఏడ్చింది. అప్పుడు ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పెద్దగా ఉన్న వృద్ధుడు అతణ్ణి పక్కకు పిలిచి చీవాట్లు పెట్టాడు.

“ఒరేయ్ కంఫాయ్, నువ్వు డాక్టరువా?”

“కాదు తాతా.”

“మరి కడుపులో ఏదో, గుండెలో ఏదో అని నోరు జారతావెందుకురా? ముసలాడు పోయాడు. జర అను. ఆ మాటకి ఎదురు ప్రశ్న ఉండదు.”

నిజంగానే ఉండలేదు. ఆ మాట చెప్పిన ప్రతిసారీ గుమాస్తా తల ఊపాడు, భిక్షువులు వచ్చారు, చితి వేళకు వెలిగింది. కృతజ్ఞతతో చేతులు జోడించిన కొడుకులనూ కూతుళ్ళనూ చూసి, ఒక్క మాటతో ఇంత మేలు చేయవచ్చా అని కంఫాయ్ లోలోపల ఆశ్చర్యపడేవాడు.

అతని భార్య సోమ్‌సీ అతనికంటె పెద్దది. ఆ సంగతి దాచుకోవలసిన పని ఆమెకు ఎన్నడూ కనబడలేదు. “పెళ్ళాడలేదమ్మా, పెంచుకున్నాను” అని సంతలో బాహాటంగానే అనేది. వాళ్ళకు పిల్లలు లేరు. ఆమె చెల్లెలు లంఫూన్, భర్త పోయిన తరువాత, వెనక వాకిలికి ఆనుకున్న ఇంట్లోనే ఉండేది. ఎత్తయిన స్తంభాల మీద నిలిచిన కంఫాయ్ ఇంటి కింద, నీడలో, అక్కచెల్లెళ్ళ కుండలు వరసగా ఉండేవి: ఏటి చేపకు ఉప్పూ తవుడూ పట్టించి ఏడాది ఊరబెట్టిన పాదేక్. అది లేనిదే ఇక్కడ బొప్పాయికాయ పచ్చడి దంచరు, వెదురు కొమ్ముల పులుసు కాచరు. సంతలో ఎన్ని కుండలున్నా సోమ్‌సీ కుండ మూత తీసేదాకా ఆగేవాళ్ళు ఉండేవారు.

చప్పట్లు కొట్టిన సంగతి చెప్పాలి. తాలూకా ఆఫీసులో ఊరి పెద్దలందరినీ కూర్చోబెట్టి, ఆరోగ్యశాఖ అధికారి గోడ మీద ఒక పటం చూపించాడు. పేగు క్యాన్సరుతో పోయేవాళ్ళు ఏ ప్రాంతంలో ఎక్కువో ఏ ప్రాంతంలో తక్కువో రంగులతో వేసిన దేశపటం.

“బ్యాంకాక్, దాని చుట్టుపక్కల చూడండి. ముదురు ఎరుపు. ఉత్తరాన కొన్ని చోట్ల కూడా. ఏటికేడు ముదురుతోంది. ఇదిగో, ఇది మన తాలూకా. లేత గులాబీ. పాక్‌లావ్ వైపైతే ఇంచుమించు తెలుపే.”

“మా పాదేక్ మహిమ సార్!” అని వెనక నుంచి ఎవరో అరిచారు.

“ఆ కంపుకి ఈగలే దూరం, క్యాన్సరెంత!”

నవ్వులు, చప్పట్లు. పాక్‌లావ్ పేరు వినబడినందుకు కంఫాయ్ కొంచెం నిటారుగా కూర్చున్నాడు. ఊరి ఆరోగ్యకేంద్రంలో పనిచేసే నర్సు కన్నికా మాత్రం చప్పట్లు కొట్టలేదు. తిరిగి వస్తూ బండిలో అడిగింది.

“పెద్దయ్యా, మన ఊళ్ళో చిక్కిపోయి, కడుపుబ్బి, దొడ్డికెళ్తే రక్తం పడి పోయినోళ్ళు ఎవరూ లేరా?”

“ఉండకేం? ముసలితనంలో అన్నీ వస్తాయమ్మా.”

కన్నికా బయటి మడుల వైపు తల తిప్పుకుంది. అతనికి ఆ ప్రశ్నలో ఏమీ వినబడలేదు.

కొన్నాళ్ళకు ఆమె విహారం సావడిలో యాభై దాటినవాళ్ళందరినీ పిలిచి, ఒక్కొక్కరికి ఒక చిన్న సీసా ఇచ్చింది. అందులో కాస్త మలం పెట్టి తెస్తే, కంటికి కనబడని రక్తం ఉందో లేదో తేలుతుందని చెప్పింది. సావాట్ అనే ముసలి రైతు సీసాను వెలుతురులో పెట్టి చూశాడు.

“ఇన్నేళ్ళు మడిలో పోశాను, ఒక్కడూ అడగలేదు. ఇయ్యాల గవర్నమెంటుకి నా పెంట కావాల్సొచ్చిందా?”

“నీది పెడితే సీసాయే మూర్ఛపోద్ది, సావాట్ అన్నా” అంది సోమ్‌సీ.

“మరి పెద్దయ్యదో? ఆయనది వచ్చిందో లేదో మైకులో చెప్తాడా?”

“వస్తేగా చెప్పడానికి! పొద్దున్నే మైకు పట్టుకుంటే ఆయనకి అన్నీ నోట్లోంచే.”

సావడి దద్దరిల్లింది. లంఫూన్ నవ్వుతూనే తన సీసాను తిరిగి కన్నికా బుట్టలో వేసింది. సోమ్‌సీ వేయలేదు. నడుము గుడ్డ మడతలో దోపుకుని తీసుకుపోయింది, మరునాడే తెచ్చి ఇచ్చింది.

రక్తం ఉందని తేలినప్పుడు ఆమె ఆశ్చర్యపోలేదు. చాలా రోజులుగా ఆమెకు అది కంటికే కనబడుతోంది. మూలశంక అనుకుంది, మగడూ అదే అన్నాడు. పెరటి కంచె పొడవునా నల్లేరు ఉంది. మూలశంకకు అది మందు. లేత కణుపు కోసి, నాలుకకు దురద తగలకుండా పండిన అరటిపండులో దూర్చి, నమలకుండా మింగాలి. ఆ కంచె నాటింది కంఫాయే. అడిగినవాళ్ళందరికీ ముక్కలు విరిచి ఇచ్చింది కూడా అతనే. ఊళ్ళో ఎవరి కంచె మీద నల్లేరు పాకినా అది అతని నల్లేరే.

ఆరోగ్యకేంద్రంలో కన్నికా అతణ్ణి కూర్చోబెట్టి చెప్పింది.

“గొట్టం పెట్టి లోపల చూడాలి పెద్దయ్యా. జిల్లా ఆసుపత్రిలో ఆ పని చేసే డాక్టరు ఒక్కరే. మనకి తేదీ వచ్చింది. వచ్చే వానలైపోయాక.”

“ఇప్పుడు వానలు మొదలే కాలేదు గదమ్మా. పక్క తాలూకాకి డాక్టర్లే బండి కట్టుకుని వచ్చి చూస్తున్నారంట?”

“అక్కడ పోయినోళ్ళు ఎక్కువ. పటంలో ముదురు రంగు. ముందు ముదురున్న చోటికే పంపుతారు.”

“మరి మన దగ్గరికి?”

“మన దగ్గర ఆ జబ్బుతో ఎవరూ పోలేదు గదా.”

“పోలేదని ఎవరు చెప్పారు?” అన్నాడు కంఫాయ్ గొంతు పెంచి.

కన్నికా తేదీ కాగితం మడిచి అతని చేతికిచ్చింది. కిటికీ అవతల ఇనుప స్తంభం మీద మైకు ఎండలో ఉంది. ఆమె దాని వైపు చూడనైనా లేదు. చూడకపోవడం ఆమె మంచితనం. కాని ప్రశ్న నోటి నుంచి వెలువడగానే దాని జవాబు తన నోట్లోనే ఉందని కంఫాయ్‌కు తెలిసిపోయింది.

విహారంలో వల్లించిన పాఠం అతనికి ఆ సాయంత్రం అర్థమైనట్టు ఉంది. జర, వ్యాధి, మరణం: బోధించినవాడు మూడింటినీ విడివిడిగా చెప్పాడు. మొదటిది కాలం చేసే పని. దానితో తగువు లేదు. రెండోది అలా కాదు. దానికి స్థలం ఉంది, మొదలు ఉంది, కొన్నిసార్లు ముందే చూస్తే దారి కూడా ఉంది. కంఫాయ్ రెండోదాన్ని తెచ్చి మొదటిదానిలో కలిపేశాడు, అదీ దయతో. అబద్ధం చెప్పినవాడికి కనీసం తాను అబద్ధం చెప్పానని గుర్తుంటుంది. దయతో చెప్పిన మాటను ఎవరూ వెనక్కు తిరిగి చూసుకోరు.

పెద్ద పట్నంలో ఇంకో ఆసుపత్రికి పోదామని అతను అన్నాడు. “గొట్టం కోసం ఊరూరా తిరుగుతానా? చేపలొచ్చే కాలం. కుండలు ఎవరు పెడతారు, నువ్వా?” అంది సోమ్‌సీ. ఒకసారి అన్నాడు, రెండుసార్లు అన్నాడు, ఆ పైన అనలేదు. వానలు పడ్డాయి, ఏరు అడవిలోకి ఎక్కింది, చేపలు వచ్చాయి. ఆమె కుండలు పెట్టింది. నీళ్ళు తగ్గే వేళకు ఆమె కళ్ళు పచ్చబడ్డాయి. అప్పుడు తీసుకుపోతే, పొట్ట నొక్కి చూసిన కుర్ర డాక్టరు కాలేయం దాకా పాకినట్టుందన్నాడు. లోపల చూసి ముక్క తీస్తేగాని జబ్బుకు పేరు పెట్టలేమన్నాడు. “పేరు పెట్టేదాకా నేనుండను బాబూ, అది బారసాల చేసుకునే బిడ్డా?” అని ఆమె ఇంటికి బయలుదేరింది.

ఆ తరువాత ఆమె మంచం దిగలేదు. అక్కకు జావ కాచి ఇచ్చేది లంఫూన్. గుడ్డలు ఉతికేదీ ఆమే. ఒకనాడు పెరట్లో గుడ్డలు ఆరవేస్తూంటే కంఫాయ్ వెళ్ళి కన్నికా ఇచ్చిన సీసా ఆమె ముందు పెట్టాడు.

“ఇది తీసుకో. అక్కకి వస్తే చెల్లెలు చూపించుకోవాలంట.”

“నాకెందుకు బావా? అక్కది మూలశంక, ముదిరింది. మా ఇంటా వంటా ఆ పెద్ద జబ్బు లేదు.”

“మీ అమ్మ...”

“మా అమ్మకేమొచ్చింది? జరతో పోయింది. మైకులో నువ్వే చెప్పావు, ఊరంతా విన్నారు. ఇప్పుడు కాదంటావా?”

అతను సీసాను పెరటి గట్టు మీదే వదిలాడు. అత్త తొంగ్‌మా కడపటి రోజులు అతనికి బాగా గుర్తు. ఉబ్బి బిగుసుకున్న పొట్ట, పుల్లల్లా మారిన చేతులు. ఆ గుడ్డలను సోమ్‌సీ ఏటికి దిగువగా, ఎవరూ స్నానం చేయని చోటికి తీసుకుపోయి ఉతికేది; వద్దన్నా చెల్లెలిని రానిచ్చేది కాదు. ఒకసారి కంఫాయ్ బుట్ట మోసుకు వెళ్ళాడు. నీళ్ళు ఎర్రబడడం చూశాడు. చూసి, ఇంటికి వచ్చి, ఆమె పోయిన రోజున మైకు ముందు కూర్చుని ఆ మర్యాద గల మాటే చెప్పాడు.

కొద్ది రోజులకు అతనికి కంచె దగ్గర లంఫూన్ కనబడింది. చేతిలో కత్తి, ఒడిలో నల్లేరు కణుపులు. కోసిన చోట జిగురు ఇంకా ఆరలేదు.

“ఎందుకవి?”

“మోకాళ్ళకి. కుండలు ఎత్తీ దించీ పట్టేశాయి.”

ఆమె నడుముకు చుట్టిన గుడ్డ మడతలోంచి పండిన అరటిపండు తొడిమ బయటికి వచ్చి ఉంది.

“మోకాళ్ళకి నూరి పట్టు వేస్తారు, లంఫూన్. అరటిపండులో పెట్టి మింగరు.”

“నా మోకాళ్ళు, నా అరటిపండు. నీకెందుకు బావా?” అంది ఆమె. నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగింది. సీసా మాట అతను మళ్ళీ ఎత్తాడు. మా అమ్మకు లేనిది నాకెలా వస్తుందని ఆమె మళ్ళీ అంది. ఆ వాదం మొదట అతనిదే.

కంచె దగ్గర చూసింది అతను సోమ్‌సీకి చెప్పలేదు. చెప్పడం క్రూరమనుకున్నాడు. అందువల్ల, ఆమె తన కోరిక కోరినప్పుడు, ఆ కోరికకు అడ్డం వచ్చేది ఏమిటో ఆమెకు తెలియదు.

“నేను పోయాక మైకులో ఏం చెప్తావు?” అంది ఒక మధ్యాహ్నం.

“ఇంకా పోలేదుగా.”

“అందరికీ చెప్పినట్టే చెప్పు. క్యాన్సరన్నావో, నా కుండ మూత ఇంకెవరూ తియ్యరు. పాదేక్ తినీ తినీ వచ్చిందని సంతలో అప్పుడే గుసగుసలు. లంఫూన్ ఏం తిని బతకాలి?”

“ఊఁ.”

“ఊఁ అంటే?”

“విన్నానని.”

“విన్నానంటే ఒప్పుకున్నానని కాదు. నిన్ను పెంచినదాన్ని, ఆ మాత్రం తెలీదా నాకు?”

ఆమె నవ్వింది; నవ్వితే నొప్పి పుట్టింది. నొప్పి తగ్గాక ఇంకేమీ అడగలేదు. తరువాతి రోజుల్లో అతను రెండు మూడు సార్లు నోరు తెరిచాడు. ప్రతిసారీ తలగడ సర్దాడు, నీళ్ళు పట్టాడు. చెల్లెలి సంగతి చెప్పి ఉంటే ఆమె ఏమనేదో ఎవరికీ తెలియదు. బహుశా ఆమే ఊరందరికీ చెప్పమనేదేమో. ఆ అవకాశం అతను ఆమెకు ఇవ్వలేదు. దయ పేరుతో ఒకసారి అలవాటైన మౌనం అంత సులభంగా వదలదు.

కోతలు ముగిసి చలి మొదలైన వారంలో, పొద్దెక్కుతూండగా సోమ్‌సీ పోయింది. లంఫూన్ అక్క చేతులు జోడించి తెల్ల నూలు కట్టింది, ఒళ్ళు తుడవడానికి నీళ్ళు పెట్టుకుంది. కంఫాయ్ మెట్లు దిగాడు. తీగతో ఊరి స్తంభానికి కలిపిన మైకు బల్ల ఇంటి కిందే, కుండల పక్కన ఉంది. పైన పలకల సందుల్లోంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. వేళ కాని వేళ మైకు బొంగురు చప్పుడు వినబడేసరికి ఎదురింటి రోకలి ఆగిపోయింది.

“నా భార్య సోమ్‌సీ ఈ పొద్దున పోయింది” అన్నాడు. ఆగాడు. ఊళ్ళో అందరికీ తరువాతి మాట తెలుసు. సావాట్ అప్పుడే భిక్షువులకు ఇవ్వవలసిన కాషాయాలు కొనడానికి సైకిలు దించుతున్నాడట.

“పెద్ద పేగు క్యాన్సరుతో పోయింది. జరతో కాదు. మా అత్త తొంగ్‌మా పోయినప్పుడు ఈ మైకులోనే జర అని చెప్పాను. అది తప్పు. ఆమెకీ రక్తం పడేది, నేను చూశాను. చూసి కూడా అలా చెప్పాను. ఈ ఇల్లు ఈవేళ మంచి ఇల్లు. అందరూ రండి.”

పైన నీళ్ళ చుక్కలు ఆగిపోయాయి. లంఫూన్ తడి చేతులతో మెట్లు దిగి వచ్చింది.

“చల్లారిందా నీ కడుపు?” అంది. “అక్క అడిగింది ఒక్కటే. ఒక్కటి. చచ్చి ఇన్నేళ్ళయిన మా అమ్మ మైలగుడ్డల్ని కూడా నీళ్ళలో జాడించి చూపించావు ఊరందరికీ.”

“లంఫూన్...”

“నన్ను పిలవకు.”

కన్నికా వచ్చింది. డాక్టరు చూడని చావుకు కారణం తేల్చాలంటే ఇంటివాళ్ళను అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉంటాయి, వినడానికే సిగ్గుపడవలసినవి. మలం రంగు ఏమిటి, పెన్సిలు మందాన సన్నబడిందా, రక్తం కలిసి పడిందా పైన పడిందా, ఎన్ని నెలలు. బంధువులు చుట్టూ కూర్చుని ఉండగానే ఆమె మెల్లగా అడిగింది. అతను అన్నిటికీ, మైకులో మాట్లాడే గొంతుతోనే, జవాబు చెప్పాడు. ముసలివాళ్ళు కొందరు లేచి అవతలికి వెళ్ళారు.

తాలూకా గుమాస్తా కలం ఎత్తి అతని మొహంలోకి చూశాడు.

“డాక్టరు కాగితం లేదు గదా పెద్దయ్యా. అరవై దాటింది. జర అని వేసేస్తే పనైపోద్ది. ఇదైతే పైనుంచి ప్రశ్నలొస్తాయి.”

“రానీ” అన్నాడు కంఫాయ్.

మంచి ఇంటికి జనం వచ్చారు, కాని పేకాట సాగలేదు. దహనం రోజున సావాట్ అతని పక్కన నిలబడి, పొగ వైపు చూస్తూ గొణిగాడు. “పెద్దయ్యా, మా ఆవిడ సంగతి... అది కూడా చెప్తావా ఏంటి?” కంఫాయ్ తల అడ్డంగా ఊపాడు. సావాట్ ఊపిరి వదిలాడు. అలాంటి చూపులు అతనికి ఆ రోజు ఇంకా కొన్ని ఎదురయ్యాయి. దేనికీ అతను నోరు విప్పలేదు. వాళ్ళ మాట మార్చే హక్కు వాళ్ళ ఇంటివాళ్ళదేనని అనుకున్నాడో, ఒక్కసారికే ధైర్యం అయిపోయిందో తేల్చి చెప్పడం కష్టం. రెండూ నిజం కావచ్చు. అతణ్ణి మెచ్చుకోవాలనుకునేవాళ్ళు ఈ రెండో సంగతిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

సోమ్‌సీ భయపడింది భయపడినట్టే జరిగింది. ఆమె పెట్టి వెళ్ళిన కుండలను లంఫూన్ సంతకు తీసుకుపోయింది. మూత తీసింది, సాయంత్రానికి మళ్ళీ మూసింది. ఆమె అక్క ఇంటి కింద నుంచి తన వాటా కుండలు తన ఇంటికి దొర్లించుకుపోయింది. బావతో మాట్లాడడం మానేసింది. ఏడాది తిరిగాక తాలూకా ఆఫీసు గోడ మీద కొత్త పటం వేశారు. పాక్‌లావ్ వైపు ఇంకా తెలుపే. ఒక్క చావుతో రంగు మారదు. పక్క తాలూకాకు వెళ్ళే డాక్టర్ల బండి ఆ ఏడూ ఇటు తిరగలేదు.

అతను పెట్టిన సీసా పెరటి గట్టు మీద కొన్నాళ్ళు ఉంది. తరువాత కనబడలేదు. లంఫూన్ తీసుకుందో, గాలికి పడిపోయిందో అతను కన్నికాను అడిగాడు. “అది నేను చెప్పకూడదు పెద్దయ్యా” అంది ఆమె. అతను మళ్ళీ అడగలేదు. నల్లేరు కోసం కంచె దగ్గరికి ఎవరైనా వస్తే మాత్రం ఎందుకని అడుగుతున్నాడు. ఆ ప్రశ్న నచ్చక చాలామంది వేరే కంచెలకు పోతున్నారు.

మరుసటి వానలకు అతనికి అరవై నిండి పదవి ముగిసింది. పదవిలో ఉండగా, భార్య చావుకు కారణం అడిగినప్పుడు అతను జర అనలేదు, పెద్ద పేగు క్యాన్సరన్నాడు. ఆమె వద్దన్నదని తెలిసే అన్నాడు. దానితోపాటు అత్త పేరు చెప్పాడు. మిగిలినవాళ్ళ పేర్లు చెప్పలేదు.